చేయి జారితే పేలకూడదు

పిస్టల్ కింద పడి పేలిందన్న వార్త ఎక్కడ విన్నా మన జనం ముందుగా అనే మాట ఒకటే: "ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ఉంటాడు." ఇంట్లోవాళ్లు అదే అంటారు, ఇరుగుపొరుగు అదే అంటారు, చివరికి విచారణ కాగితంలో కూడా నిర్లక్ష్యం అనే రాస్తారు. నేను ఈ మాట ఒప్పుకోను. నేను ఆర్మీలో, ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా పనిచేసి వచ్చినవాణ్ణి. ఆయుధం విప్పడం, అరిగిన భాగం మార్చడం, మళ్లీ బిగించి పరీక్షించి ఇవ్వడం నా ఉద్యోగం. ట్రిగ్గర్‌ని ఎవరూ ముట్టకుండానే పేలగల పిస్టళ్లు ఉన్నాయి. అవి చెడిపోయినవే కానక్కర్లేదు. తయారైన రోజునుంచీ ఆ అవకాశం వాటి నిర్మాణంలోనే ఉంది. దాన్ని ఆపడానికి ఒక చిన్న భాగం ఉంది, తూటాను వెనకనుంచి పొడిచి పేల్చే సూదికి (ఫైరింగ్ పిన్‌కి) అడ్డు నిలిచే ఆ భాగాన్ని ఫైరింగ్ పిన్ బ్లాక్ అంటారు. చేతిలోంచి జారిన పిస్టల్లో అది ఉందో లేదో చూడకుండా మనిషి మీద తప్పు రాసేయడం అన్యాయం అన్నదే నా వాదన.

ఈ సంగతి మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు పనికిరానిదని ఎవరూ అనుకోవద్దు. మా వైపు ఆర్మీకి మనిషిని పంపని ఊరు వెతికినా దొరకదు. రిటైరై వచ్చినవాళ్లలో చాలామంది బ్యాంకుల దగ్గరో, క్యాష్ వ్యాన్ల మీదో, ఎవరో పెద్దమనిషి వెనకో మళ్లీ ఆయుధం పట్టుకునే నిలబడతారు. విజయనగరంలో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, చింతలవలసలో ఏపీఎస్పీ అయిదో బెటాలియన్ ఉంది. ఇక పలాస, కాశీబుగ్గ వైపు నగదుతో తిరిగే వ్యాపారుల్లో కొందరికి తండ్రుల కాలం నాటి లైసెన్సులు, ఆ లైసెన్సుల మీద తండ్రుల కాలం నాటి పిస్టళ్లు ఉన్నాయి.

ఆ పాతవాటి గురించే నా భయం. మన చట్టంలో 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరులకు నిషిద్ధం, అందుకే లైసెన్సుదారుల చేతిలో కనిపించేది ఎక్కువగా .32 (గొట్టం కొలత, అంగుళాల్లో). విదేశీ పిస్టళ్ల దిగుమతి మామూలు లైసెన్సుదారులకు 1980ల మధ్య నుంచి దాదాపు ఆగిపోయింది. దాంతో అంతకుముందు వచ్చిన కోల్ట్‌లు, బ్రౌనింగ్‌లు, వెబ్లీలు, వాల్తర్‌లు చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటికి ధర ఎక్కువ, పరువూ ఎక్కువ. "ఫారిన్ మాల్" అని మురిసిపోయే ఆ పిస్టళ్లలో చాలావాటి డిజైన్ మన తాతలు పుట్టకముందుది.

పలాస వైపు మాకు బంధువు ఒకాయన ఉన్నాడు, జీడిపప్పు వ్యాపారం. బీరువాలోంచి పిస్టల్ తీసి నడుముకు పెట్టుకోబోతుంటే చేయి జారింది. గొట్టం మూతి కిందకి ఉండగా గచ్చు మీద పడి పేలింది. తూటా గ్రానైట్ బండను పగలగొట్టింది, ఒక రాతి పెచ్చు ఆయన పిక్కలో దిగింది. ఆసుపత్రిలో కుట్లు వేస్తుండగా నేను వెళ్తే నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట: "ఒట్టు బావా, నేను వేలు ఎయ్యనేదు. జారిపోనాది, అంతే." అక్కడున్న పదిమందిలో ఒక్కరూ నమ్మలేదు. తర్వాత విచారణ చేసినవాళ్లూ నమ్మలేదు. ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) రౌండ్, అంటే తూటా, ఎందుకు ఉంచావని అడగడం వరకూ సబబే, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. కానీ ట్రిగ్గర్ నొక్కావా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మనిషి ముఖంలో కాదు, పిస్టల్లో వెతకాలి.

ఆ పిస్టల్ తిరిగి వచ్చాక లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర విప్పించాం, నేనూ పక్కనే ఉన్నాను. గొట్టం మూతి అంచు మీద కొత్త నొక్కు, ఆ నొక్కులో తెల్లటి రాతిపొడి ఇంకా ఉంది. అంటే మూతి మీద పడిందన్న మాట నిజం. హామర్ (పిన్‌ని కొట్టే సుత్తి) గాడి, దాన్ని పట్టి ఆపే సియర్ అంచు రెండూ భూతద్దంలో చూశాం, అరుగుదల లేదు. హామర్‌ని వెనక్కి లాగి నిలిపి (కాక్ చేసి) వెనకనుంచి బొటనవేలితో గట్టిగా నెట్టినా హామర్ జారలేదు. ఇక ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ తీసి కొత్తదాని పక్కన పెడితే పాతది పొట్టిగా, మెత్తగా ఉంది. వేళ్ల మధ్య నొక్కితే ఎదురు తిరగడం లేదు. ఎన్ని దశాబ్దాలుగా మార్చలేదో. ఆయన నిజమే చెప్పాడని నాకు అప్పుడే తేలిపోయింది.

ఎందుకంటే, పిస్టల్ పేలడం అంటే చివరికి ఒకటే పని. ఫైరింగ్ పిన్ ముందుకు వెళ్లి రౌండ్ వెనక ఉన్న ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే రగిలే చిన్న మందు మూతని) తగినంత బలంగా పొడవాలి. మామూలుగా ఆ బలం హామర్ ఇస్తుంది. పాత డిజైన్లలో ఎక్కువగా ఉండేది ఇనర్షియా పిన్. అది తాను కదిలే రంధ్రం కంటే కొంచెం పొట్టిగా ఉంటుంది. హామర్ ఆనుకుని ఉన్నా ముక్కు బయటికి రాదు. హామర్ కొట్టినప్పుడే ఆ ఊపుతో ముందుకు దూకి ప్రైమర్‌ని తాకి, చిన్న స్ప్రింగ్ లాగితే వెనక్కి వచ్చేస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ ఆ ఊపు హామర్ నుంచే రావాలని ఎక్కడా లేదు. నిండుగా ఉన్న ఆర్టీసీ బస్సులో డ్రైవర్ ఒక్కసారి బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే, పిస్టల్ మూతి బండకు తగిలి ఆగిపోయినా లోపలి పిన్ ఆగదు. దాన్ని పట్టుకుని ఉన్నది ఆ చిన్న స్ప్రింగ్ ఒక్కటే.

లెక్క కష్టమైనదేం కాదు. మీటరు ఎత్తునుంచి పడిన వస్తువు నేలను తాకేసరికి వేగం సెకనుకు 4.4 మీటర్లు, అంటే గంటకు దాదాపు 16 కిలోమీటర్లు. పిన్‌లో ఉన్న శక్తి దాని బరువును బట్టి, పడిన ఎత్తును బట్టి పెరుగుతుంది. డాబా మెట్ల మీదనుంచి మూడు మీటర్లు పడితే మూడింతలు. నేల కూడా ముఖ్యం. మట్టి నేల, ఇసుక నేల మెల్లగా ఆపుతాయి, ఆలోగా స్ప్రింగ్ పిన్‌ని నిలబెట్టుకోగలదు. రాయి ఒక్కసారిగా ఆపుతుంది. మన ఇళ్లలో ఇప్పుడు టెక్కలి గ్రానైట్ పరవని గచ్చు ఎక్కడుంది?

అందుకే కొన్ని కంపెనీలు బ్లాక్ పెట్టకుండా వేరే దారి పట్టాయి. ఉక్కు పిన్ తీసేసి టైటానియం పిన్ వేశాయి, స్ప్రింగ్ గట్టిది పెట్టాయి. అదే సైజు ఉక్కుతో పోలిస్తే టైటానియం బరువు సగం కంటే కాస్త ఎక్కువ, కాబట్టి పడినప్పుడు పిన్‌లో శక్తీ అంతే తగ్గుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తన 1911 మోడల్ పిస్టళ్లలో చేసింది ఇదే. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది కానీ పూర్తి నమ్మకం లేదు. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, దారి మూసేయదు. పైగా స్ప్రింగ్ అన్నది అలిసిపోయే వస్తువు.

బ్లాక్ దారినే మూసేస్తుంది. కొత్త తరం పిస్టల్ ఏదైనా ఖాళీ చేసి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) విడదీసి, బోర్లా తిప్పి చూడండి. చాలావాటిలో అడుగున గుండ్రటి ఉక్కు బొడిపె ఒకటి కనిపిస్తుంది, చిటికెన వేలి గోరు పాటి కూడా ఉండదు. అది స్ప్రింగ్ మీద నిలబడి పిన్ దారికి అడ్డంగా దిగి ఉంటుంది. పిన్‌ని వెనకనుంచి వేలితో ముందుకు తోసి చూస్తే కొంచెం కదిలి ఠక్కున ఆగుతుంది. ఇంకా గట్టిగా తోసినా రాదు. అలాగే తోస్తూ ఆ బొడిపెను నొక్కితే పిన్ ముక్కు బయటికి వస్తుంది. పిస్టల్ బిగించి ఉన్నప్పుడు ఆ బొడిపెను నొక్కే పని ట్రిగ్గర్‌తో కలిసి కదిలే భాగానిది. ట్రిగ్గర్ వెనక్కి వస్తున్న ఆ క్షణంలోనే దారి తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఈ బొడిపె తన చోట ఉన్నంతసేపు పిస్టల్ మూతి మీద పడినా, హామర్ మీద దెబ్బ తగిలినా, సియర్ అరిగి హామర్ దానంతట అదే జారినా పిన్ ప్రైమర్‌ని చేరడం కుదరదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1938లో జర్మన్ సైన్యం ఎంచుకున్న వాల్తర్ పీ38లో దానంతట అదే పనిచేసే ఫైరింగ్ పిన్ లాక్ ఉంది. దాదాపు అదే కాలంలో అమెరికాలో కోల్ట్ తన 1911లలో కొన్నింటికి స్వార్ట్జ్ పేటెంట్ మీద ఒక బ్లాక్ పెట్టింది. అది ట్రిగ్గర్‌తో కాకుండా పిడి వెనక ఉండే గ్రిప్ సేఫ్టీతో కదిలేది. యుద్ధం వచ్చింది, ఆ ఏర్పాటు పక్కకు పోయింది. కోల్ట్ మళ్లీ ఫైరింగ్ పిన్ బ్లాక్ పెట్టడానికి 1983 దాకా పట్టింది, అదే సిరీస్ 80. అంటే పరిష్కారం చేతిలో ఉండి కూడా నలభై ఏళ్లు మరుగున పడింది. ఈ మధ్యలో 1970లలో పశ్చిమ జర్మనీ పోలీసులు కొత్త పిస్టల్ కావాలని షరతులు పెట్టారు. రౌండ్ ఛాంబర్‌లో ఉండగా మోసినా ప్రమాదం ఉండకూడదు, తీసిన వెంటనే సేఫ్టీ మీట తిప్పే పని లేకుండా పేలాలి. సిగ్ పీ6, వాల్తర్ పీ5 ఆ షరతులకు జవాబుగా వచ్చినవే. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17లో బయట మీటే లేదు, దానంతట అవే పనిచేసే మూడు సేఫ్టీల్లో ఒకటి ఈ బ్లాక్. ఒక దేశపు పోలీసు శాఖ "మాకు ఇది కావాలి" అని కాగితం మీద రాసి అడిగితే పరిశ్రమ మొత్తం ఆ దారిన నడిచింది. మనం ఏం అడుగుతున్నాం?

మన సైన్యానికి, పోలీసులకు బాగా తెలిసిన 9 ఎంఎం 1ఏ పిస్టల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారయ్యేది. అది బ్రౌనింగ్ హై పవర్ డిజైన్, రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన రకం. హై పవర్ 1935 నాటిది. చేతిలో ఇమిడే తీరులో దానికి సాటి లేదని నేనే ఎన్నోసార్లు అన్నాను. కానీ ఆ మొదటి డిజైన్‌లో ఫైరింగ్ పిన్ బ్లాక్ లేదు. బెల్జియంలో దాని మాతృసంస్థే 1980ల చివర్లో మార్క్ 3 తెచ్చినప్పుడు బ్లాక్ చేర్చింది. పుట్టింటివాళ్లే అవసరమని చేర్చిన భాగాన్ని మనం అక్కర్లేదనడానికి కారణం నాకు కనబడదు. ఇలాంటి పిస్టల్ మోసే కానిస్టేబుల్ ఛాంబర్ ఖాళీగా ఉంచుకోవాలన్న డ్రిల్ అందుకే ప్రాణంతో సమానం. ఆర్మీలో "జాంచ్ శస్త్ర్" (ఆయుధం తనిఖీ) అన్న ప్రతిసారీ స్లైడ్ లాగి చూపించే అలవాటు మాకు ఊరికే నేర్పలేదు.

"సేఫ్టీ మీట పైకి ఉంది కదండీ" అంటారు చాలామంది. మీట ఏం ఆపుతుందో అడిగితే చెప్పలేరు. పాత కోల్ట్ .32, 1903 మోడల్‌లో మీట, గ్రిప్ సేఫ్టీ రెండూ సియర్‌నే పట్టుకుంటాయి. 1910 బ్రౌనింగ్‌కి మూడు సేఫ్టీలని గొప్పగా చెప్తారు: మీట, గ్రిప్, మ్యాగజైన్ (తూటాల పెట్టె). మూడూ సియర్‌నో ట్రిగ్గర్‌నో ఆపేవే. నిండుగా కాక్ అయి ఉన్న స్ట్రైకర్ (హామర్ బదులు స్ప్రింగ్‌తో దూకే పిన్) ముందు అడ్డంగా నిలబడే భాగం అందులో లేదు. సియర్ అంచు ఒక్కటి విరిగితే ఈ మూడూ చేసేదేం లేదు. 1929 నాటి వాల్తర్ పీపీలో మాత్రం మీట దించితే పిన్ నిజంగానే లాక్ అవుతుంది, అయితే మీట ఎత్తి మోసేవాడికి ఆ రక్షణ లేదు. మూడు పిస్టళ్లు, మూడు మీటలు, మూడు వేరు వేరు అర్థాలు. లైసెన్స్ పుస్తకంలో మాత్రం మూడూ ".32 పిస్టల్" అనే ఉంటాయి.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్లలో నాకంటే బాగా కాల్చేవాళ్లూ ఉన్నారు. ట్రిగ్గర్ బరువెక్కుతుంది, గరగరలాడుతుంది అంటారు. సిరీస్ 80 వచ్చినప్పుడు షూటర్లు ఇదే గొడవ పెట్టారు, కొందరు ఆ భాగాలు తీయించేసుకున్నారు కూడా. పోటీలో కాగితం మీద చుక్కలు పెట్టేవాడికి ఆ గరగర పెద్ద విషయమే కావచ్చు. జాతరలో జనం మధ్య నడుముకు పిస్టల్‌తో నిలబడేవాడికి కాదు. పైడితల్లి సిరిమానోత్సవం రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూడండి. ఆ తోపులాటలో హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే తొడుగు) తెగి పిస్టల్ కింద పడితే చుట్టూ ఉన్నది పసిపిల్లలు.

ఇంకొందరు మూతి మీద పడి పేలితే తూటా నేలలోకే పోతుంది కదా, ఎవరికి నష్టం అంటారు. మా బంధువు పిక్క చూపిస్తాను. నేల అంటే బండ అయినప్పుడు తూటా ముక్కలూ రాతి పెచ్చులూ ఎటు ఎగురుతాయో చెప్పడం ఎవరి తరం కాదు.

వీటన్నిటికంటే బలమైన వాదన వేరే ఉంది. ట్రిగ్గర్‌తో ముడిపడిన బ్లాక్, ట్రిగ్గర్ కదిలిన ప్రతిసారీ తప్పుకుంటుంది, ఎవరు కదిపారన్నది దానికి తెలియదు. 2017లో సిగ్ పీ320 విషయంలో జరిగింది ఇదే. ఆ ఏడాది మొదట్లోనే అమెరికా సైన్యం ఆ కుటుంబపు పిస్టల్‌ని ఎంచుకుంది. ప్రామాణిక డ్రాప్ పరీక్షలు (కింద పడేసి చూసేవి) పాసైనదే. కానీ పౌరులకు అమ్మిన రకం వెనక భాగం ఒక కోణంలో నేలకు తగిలేలా పడితే బరువైన ట్రిగ్గర్ తన ఊపుతో తనే వెనక్కి పోయేది. ట్రిగ్గర్ కదిలింది కాబట్టి బ్లాక్ మర్యాదగా తప్పుకునేది, పిస్టల్ పేలేది. ఆగస్టులో కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌తో, ఇతర మార్పులతో స్వచ్ఛంద అప్‌గ్రేడ్ ప్రకటించింది. కాలిఫోర్నియా చట్టంలోని డ్రాప్ పరీక్ష 1 మీటరు 1 సెంటీమీటరు ఎత్తునుంచి కాంక్రీటు మీదకి, ఆరు రకాలుగా. కింద పడే వస్తువు ఆ ఆరు భంగిమల్లోనే పడుతుందన్న హామీ ఎవరిస్తారు? అయినా దీన్నుంచి నేను తీసుకునే అర్థం బ్లాక్ పనికిరాదని కాదు. బ్లాక్ ఉండాలి, దాన్ని తెరిచే ట్రిగ్గర్ తేలిగ్గా, తన ఊపుతో తాను కదలకుండా ఉండాలి. హోల్‌స్టర్ అంచో, చొక్కా కొసో ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే కూడా బ్లాక్ కాపాడదు. ఛాంబర్ ఖాళీ, ట్రిగ్గర్ మూసి ఉండే గట్టి హోల్‌స్టర్, ఇవి ఎప్పటికీ తప్పవు.

చిన్న భాగాలు పెరిగితే చెడిపోయే చోట్లు పెరుగుతాయన్న మాట కూడా నేను తోసిపుచ్చను. మాది సముద్రపు గాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఇంటి గేట్లు చూస్తే తెలుస్తుంది. ఆ తుప్పుకు భయపడి కొందరు పిస్టల్‌కి కొబ్బరినూనె రాస్తారు. అది కొన్నాళ్లకు జిగురులా గడ్డకట్టి ఆ బొడిపెను పట్టేస్తుంది. దసరాకు ఆయుధ పూజ చేసి పసుపు, కుంకుమ, గంధం స్లైడ్ మీదే పూస్తారు. ఆ పొడి నూనెతో కలిసి లోపలికి దిగుతుంది. పూజ మానమని నేను అనను, నేనూ చేస్తాను, బొట్టు మాత్రం పెట్టెకు పెడతాను. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బొడిపె అడ్డంగా ఇరుక్కుంటే పిస్టల్ పేలదు, లోపం వెంటనే బయటపడుతుంది. తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుంటే అంతా మామూలుగానే పేలుతుంది, రక్షణ పోయిన సంగతి ఎవరికీ తెలియదు. అందుకే బ్లాక్ ఉన్న పిస్టల్‌ని కూడా విప్పి, పిన్‌ని తోసి, ఆగుతోందో లేదో చూసే అలవాటు కావాలి.

మరి చూసేది ఎవరు? 2016 ఆయుధ నిబంధనలు లైసెన్స్ అడిగేవాడికి భద్రతా శిక్షణ ఉండాలంటున్నాయి, మంచిదే. కొత్త తుపాకీకి ప్రూఫ్ టెస్ట్ ఉంది, కానీ అది చూసేది గొట్టం పేలుడు ఒత్తిడికి తట్టుకుంటుందా అని. గచ్చు మీద పడితే ఏమవుతుందన్నది దాని పని కాదు. రెన్యువల్‌కి వచ్చిన పాత పిస్టల్‌ని, నంబరు సరిపోయిందో లేదో చూడటంతో ఆపకుండా, ఆర్మరర్‌తో విప్పించి, బ్లాక్ ఉందా, పిన్ స్ప్రింగ్ బాగుందా, సియర్ అరిగిందా అని లైసెన్స్ పుస్తకంలోనే ఒక వరుస రాయించాలి. బ్లాక్ లేనిదైతే "ఛాంబర్ ఖాళీగానే మోయాలి" అని అదే పేజీలో ఉండాలి. ఎక్కడైనా పడి పేలిందంటే విచారణ కాగితంలో మొదటి ప్రశ్న పిస్టల్ నిర్మాణం గురించి, రెండోది స్ప్రింగ్ గురించి, మనిషి వేలు గురించి ఆ తర్వాత.

దీనికి కొత్త ఆఫీసులేం అక్కర్లేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు ఆయుధాల్లో చాలావరకు ఎలాగూ పోలీస్ స్టేషన్లలో జమ అవుతాయి, కోడ్ ముగిసేదాకా బీరువాల్లో ఊరికే పడి ఉంటాయి. ఆ వారాల్లో ఒక్కో పిస్టల్‌కి పావుగంట చాలు, పిన్ స్ప్రింగ్‌కి పెద్ద ఖర్చూ లేదు. పని తెలిసిన రిటైర్డ్ ఆర్మరర్లం ఈ రెండు జిల్లాల్లో చాలామందిమే ఉన్నాం. పిలిస్తే టూల్ కిట్‌తో వస్తాం.